తంగేడు చెక్క నుంచి తోలు సీటు దాకా

నంద్యాల దగ్గరి గోస్పాడు చుట్టుపక్కల బీళ్లలో, చేల గట్ల మీద పూసే తంగేడును ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పొయ్యరు. పశువులు కూడా దాన్ని పెద్దగా ముట్టవు. అలాంటి పొద బెరడుకు ఒకప్పుడు లండన్ తోలు వేలంపాటల్లో గొప్ప పలుకుబడి ఉండేదని తెలిసిన రోజు నాకు కలిగిన సంబరం అంతా ఇంతా కాదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు రాజధాని నుంచి ఓడల్లో వెళ్లిన ‘ఈస్టిండియా కిప్స్’ అనే తోళ్లు పేరు తెచ్చుకున్నది ఈ తంగేడు చెక్కతోనే. నిజానికి నేను వెతకబోయింది వేరు. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం దాకా సైకిల్ మీద పోయి రావాలంటే ఎలాంటి సీటు మంచిదన్నదే నా ప్రశ్న. తోలు సీటు మంచిదన్నారు. ఆ తోలు ఎందుకు మంచిదని తవ్వుకుంటూ పోతే తంగేడు తగిలింది.

తోలు సీటును ఒకసారి తిరగేసి చూడండి. లోపల దూది ఉండదు, స్పంజీ ఉండదు. ఐదారు మిల్లీమీటర్ల మందమున్న ఒకే ఒక్క తోలు ముక్క. వెనక వంపు తిరిగిన ఇనుప పట్టీకి, ముందు ముక్కు దగ్గర చిన్న రేకుకు రివిట్లతో బిగించి ఉంటుంది. ఈ రెంటి మధ్య తోలు గాలిలో వేలాడుతుంది. ముక్కు కింద ఒక బోల్టు ఉంటుంది. నులకమంచం కుంగితే కాళ్లవైపు తాడు బిగించినట్టే, తోలు జారినప్పుడు ఆ బోల్టును కాస్త తిప్పుతారు. ఉన్నదంతా ఇంతే. మంచి సీట్లలో ఆ రివిట్లు రాగివి. వాటి తలలను ఇప్పటికీ సుత్తితో చేత్తోనే సాపు చేస్తారు.

ఈ నిర్మాణం వెనక చచ్చిపోయిన గుర్రం ఒకటుంది. జాన్ బోల్ట్‌బీ బ్రూక్స్ 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీనుసామాను తయారుచేసే వ్యాపారం పెట్టాడు. 1878లో అతని గుర్రం చనిపోయిందనీ, ఇంకోటి కొనే స్తోమత లేక సైకిల్ అరువు తెచ్చుకున్నాడనీ, దాని సీటు పెట్టిన బాధకు తట్టుకోలేక సొంతంగా సీటు చేయడానికి పూనుకున్నాడనీ ఆ కంపెనీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. కథలో ఎంత ఉప్పూకారం కలిసినా పేటెంటు మాత్రం గట్టి సాక్ష్యం. దాని తేదీ 1882 అక్టోబర్ 28.

అంతకు ముందు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే రెండు చక్రాల బండి చేశాడు. 1860లలో ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి. ఇనుప పట్టా చక్రాల ఆ బండికి ఇంగ్లీషువాళ్లు ‘ఎముకలు కుదిపేది’ అని పేరు పెట్టారు. 1885లో స్టార్లీ రోవర్ సైకిల్, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక ఇప్పుడు మనం తొక్కే ఆకారం కుదిరింది. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే 1200 కిలోమీటర్ల పందెం మొదలైంది. మగవాళ్లు, ఆడవాళ్లు గంటల తరబడి సీటు మీద కూర్చోవడం మొదలయ్యేసరికి వైద్యులు బెదిరిపోయారు. సీటు ముక్కు ఒంటికి హాని చేస్తుందని పత్రికల్లో రాశారు. ముక్కు లేని సీట్లు, రెండు మెత్తల సీట్లు పుట్టుకొచ్చాయి. ఆ 1890లలోనే బ్రూక్స్ బి17 అనే నమూనా వచ్చింది. మెత్తల సీట్లు చాలావరకు మూలన పడ్డాయి. బి17 ఇంకా తయారవుతూనే ఉంది.

మెత్తన ఓడి గట్టిదనం గెలవడానికి కారణం తోలు స్వభావంలో ఉంది. దానికోసం మళ్లీ మన వైపు రావాలి.

తోళ్లు పదునుచేసే లంద పని చూసినవాళ్లు ఇప్పుడు ఊళ్లలో అరుదు. పచ్చితోలును నీళ్లలో నానబెట్టి నెత్తురూ మట్టీ వదిలిస్తారు. సున్నపు గుంటలో కొన్నాళ్లు ఉంచితే వెంట్రుకలు వదులవుతాయి. దుంగ మీద పరిచి ఒకవైపు వెంట్రుకలు, రెండోవైపు మాంసపు పొర గీసేస్తారు. సున్నం పోయేదాకా కడుగుతారు. అప్పుడు దంచిన తంగేడు చెక్క నానిన నీళ్లలో వేస్తారు. మొదట పల్చటి రసం, తర్వాత రోజులు గడిచేకొద్దీ చిక్కటిది. మొదటే చిక్కటి రసంలో ముంచితే పైపొర బిగుసుకుపోయి లోపలికి రసం దిగదు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, లోపల చెక్క కూరి, నీళ్లు పోసి వేలాడదీసేవారు. వారాలు పట్టే పని ఇది. చివర కరక్కాయ నీళ్లు పట్టిస్తారు. ఒట్టి తంగేడుతో పదునైన తోలు ఎండ తగిలితే ఎర్రబారుతుంది. కరక్కాయ ఆ రంగు మారకుండా కాపాడుతుంది. తంగేడు గట్ల మీద దొరికితే, కరక్కాయ నల్లమల ఇచ్చేది.

ఇలా చెక్క రసంలో నెమ్మదిగా పదునైన తోలుకు ఒక గుణం ఉంది. ఒత్తిడికీ ఒంటి వేడికీ లొంగి ఒక రూపం తీసుకుంటుంది, ఆ రూపాన్ని నిలుపుకుంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక సీటు మీద రెండు చిన్న పల్లాలు పడతాయి. మనం కూర్చున్నప్పుడు పీటకు ఆనే రెండు ఎముకల గుర్తులవి. స్పంజీ అయితే ఆ ఎముకల కింద అణిగిపోయి, అణగకూడని మెత్తటి చోట పైకి పొంగుతుంది. పది కిలోమీటర్లకు హాయిగా ఉండి యాభైకి నరకం చూపించేది అందుకే.

రాయలసీమలో ఈ తోలు చేసిన అసలు పని సైకిల్ మీద కాదు, బావి దగ్గర. కపిల బావుల్లోంచి ఎద్దులు లాగిన నీళ్లన్నీ తోలు తొండాల్లోనే పైకొచ్చాయి. ఆ తొండం కుట్టినవాళ్లూ, చినిగితే బాగుచేసినవాళ్లూ మాదిగలు. పొలం తడవడానికి వాళ్ల చేతిపని కావాలి. వాళ్ల నివాసం మాత్రం ఊరి బయట. ఇంత గొప్ప రసాయన విద్యను తరతరాలు నిలబెట్టిన మనుషులకు మనం అంటరానితనం తప్ప గౌరవం ఇవ్వలేదు. ఈ కథలో పోయినవాటి లెక్క రాస్తే మొదటి పద్దు ఇదే.

మద్రాసు నగరంలో పెద్ద ఎత్తున తోళ్ల పరిశ్రమ లేచిన తీరుకు చార్లెస్ డి సూసా అనే పుదుచ్చేరి యూరేషియన్ పేరు చెబుతారు. 1840ల ప్రాంతంలో ఆయన ఊరి పద్ధతికే మెరుగులు దిద్దాడు. అక్కణ్ణుంచి వ్యాపారం పుంజుకుంది. అయితే ఓడ ఎక్కింది సగం పనైన తోలు. చెక్క రసంలో పదును చేసేదాకా మనవాళ్లు, ఆపైన నునుపు చేసి, రంగేసి, బూట్లుగా కుట్టి లాభం తీసుకునేది ఇంగ్లండు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల పైతోలుకు ఈస్టిండియా కిప్స్ ఎంత అవసరమయ్యాయంటే, ప్రభుత్వమే వాటి కొనుగోలును చేతిలోకి తీసుకుంది.

ఈ చరిత్రలో నా మనసు ఎక్కువగా నిలిచిపోయేది యుద్ధానికి ముందున్న పదేళ్ల దగ్గర. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు మద్రాసు ప్రభుత్వంలో పనిచేసేవాడు. రాజధానిలోని తోళ్ల పనిమీద 1904లో ఒక గ్రంథమే వెలువరించాడు. అప్పటికే అమెరికా, జర్మనీలు క్రోమ్ లవణాలతో వారాల పనిని రోజుల్లోకి కుదించేశాయి. తంగేడు తోలుకు గండం వచ్చిందని గ్రహించిన ఛాటర్టన్, ప్రభుత్వ ఖర్చుతో మద్రాసులో క్రోమ్ పదును ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ తోలుతో ఆయన చేయించదలచిన వస్తువుల్లో ముఖ్యమైనది కపిల తొండం! నీళ్లలో నానినా త్వరగా కుళ్లదు కాబట్టి రైతుకు మేలని ఆయన ఆలోచన. మన బావి గట్టును తలుచుకుని ఒక తెల్లదొర ప్రయోగశాల నడిపిన అరుదైన ఘట్టం అది. ప్రైవేటు వర్తకులకు అది కంటగింపైంది. 1910లో లండన్ నుంచి భారత వ్యవహారాల మంత్రి మార్లే, ప్రభుత్వం ఇలా పరిశ్రమలు నడపడానికి వీల్లేదని తేల్చాడు. ఆ కార్ఖానా చేతులు మారింది. పనిని మనగడ్డ మీదే పూర్తిచేసే దారి ఒకటి తెరుచుకుంటుండగానే మూసేశారని నాకు ఇప్పటికీ బాధ.

ఆ తర్వాత దక్షిణాఫ్రికా నుంచి చవకగా వాటిల్ అనే చెట్టు చెక్క దిగుమతైంది. తంగేడు కొట్టేవాళ్లు తగ్గారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలైంది. అక్కడి హెర్క్యులిస్‌లు పల్లెపల్లెకూ వచ్చాయి. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు వెళ్లిందీ సైకిల్ మీదే. అప్పటి సైకిళ్లకు స్ప్రింగుల తోలు సీట్లు ఉండేవి. తోలు మరీ జారి రెక్కలు పక్కకు విచ్చుకుంటే, చెప్పులు కుట్టేవాళ్లు ఆరెతో అంచుల్లో బెజ్జాలు పొడిచి కిందినుంచి తాడుతో లాగి కట్టేవారు. సీటుకు ఇంకో పదేళ్ల ఆయుష్షు. రెక్సిన్ సీటు వచ్చాక ఆ పనే లేకుండా పోయింది. అది చినిగితే పారెయ్యడమే.

ఇదే మద్రాసులో 1958 నుంచి 1971 దాకా కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను నడిపినవారు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రు ఆయన ఊరు. పచ్చితోలూ, సగం పదునైన తోలూ అమ్ముకోవడం మానేసి పూర్తి వస్తువులే ఎగుమతి చేయాలని ఆయన గట్టిగా వాదించారు. 1973లో పచ్చితోళ్ల ఎగుమతిపై నిషేధం, సగం పదునైన వాటిపై ఆంక్షలు వచ్చాయి. 1985లో కనిష్క విమానంలో జరిగిన బాంబు పేలుడులో ఆయన్ను కోల్పోయాం.

ఇక సీటు ఎంపిక. గట్టి బల్ల మీద అట్టముక్క వేసుకుని కూర్చుని లేవండి. పడిన రెండు గుంటల మధ్య దూరం కొలిచి, దానికి రెండు సెంటీమీటర్లకు పైచిలుకు కలిపితే మీకు కావలసిన వెడల్పు. ముందుకు వంగి తొక్కేవారికి బి17లా 17 సెంటీమీటర్ల ప్రాంతం సరిపోతుంది. నిటారుగా కూర్చుని తొక్కేవారికి 20 దాటిన స్ప్రింగుల సీటు కావాలి. హైదరాబాదులో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన బ్రెవెట్ సైకిల్ యాత్రలకు వెళ్లేవారు కొత్త సీటుతో బయల్దేరకూడదు. ముందు చిన్న దూరాలతో దాన్ని మచ్చిక చేసుకోవాలి. ఆముదం అదేపనిగా పూస్తే తోలు మెత్తబడి కుంగుతుంది. వానలో కవరు కప్పండి. బోల్టును అవసరమైతేనే, అదీ కొద్దిగానే తిప్పండి.

ఇంత చేసి కొనేసరికి ఆ సీటు మీద బర్మింగ్‌హామ్ ముద్ర, ఒంటినిండా దిగుమతి ధర ఉంటాయి. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని రాయిగా అమ్ముకోలేదు. విగ్రహం చేసి పంపారు, కాబట్టే ఊరి పేరు దూరదేశాలకు చేరింది, భౌగోళిక గుర్తింపూ దక్కింది. తోలు విషయంలో మనం సగం పని దగ్గర ఆగాం. తంగేడు ఇంకా గట్ల మీదే ఉంది, కరక్కాయ నల్లమలలో కాస్తూనే ఉంది, తోలు శాస్త్రం చెన్నైలో ఉంది, ఆరె పట్టిన చేతులు నంద్యాల వీధుల్లో ఇంకా కొన్ని మిగిలాయి. ఆ చేతులకు గౌరవమూ తగిన కూలీ ఇచ్చి, మంచి సైకిల్ సీటు ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఇక్కడే చేయించే పూనిక ఎవరైనా చేస్తే, తొలి గిరాకీ నేనే.