సెటిల్ అవ్వడం: ఒక క్రియాపదబంధం చరిత్ర

‘సెటిల్ అవ్వడం’, దాని జంట ‘సెటిల్ చేయడం’ తెలుగువాళ్ళ రోజువారీ మాటల్లో బాగా పాతుకుపోయిన ఇంగ్లీషు క్రియాపదబంధాలు. ఉద్యోగం, పెళ్ళి, సొంత ఇల్లు, వలస, భూమి తగాదా, బాకీ, ఆస్తి పంపకం, వీటన్నిటి గురించీ ఈ ఒక్క మాటతో చెప్పుకుంటారు. జీవితంలో కుదురుకోవడమనే అర్థమే ఇవాళ ముందుగా స్ఫురిస్తుంది. చరిత్రలో ముందు నడిచింది మాత్రం ‘సెటిల్‌మెంటు’ అనే నామవాచకం. అది సర్కారు మాట.

రూపం

ఇంగ్లీషు క్రియ తెలుగులోకి వచ్చినప్పుడు నేరుగా ధాతువుగా మారదు. ‘అవు’నో ‘చేయు’నో తోడు తెచ్చుకుంటుంది. ఈ పద్ధతి ఇంగ్లీషుతో మొదలైంది కాదు. సంస్కృతపు నిర్ణయం చేయడం, ఉర్దూ నుంచి వచ్చిన ఖరారు కావడం, తెలంగాణలో ఇప్పటికీ వినిపించే ఫైసలా చేయడం ఇదే అచ్చులో పోసినవి. ఇంగ్లీషులో మనిషి కుదురుకున్నా, మనిషి తగువు తీర్చినా క్రియ ఒకటే. తెలుగులో అది రెండుగా చీలక తప్పదు. ‘మావాడు సెటిలయ్యాడు’ అంటే వాక్యం పూర్తయింది. ‘మావాడు సెటిల్ చేశాడు’ అంటే వినేవాడు ‘దేన్ని? ఎవరెవరి మధ్య?’ అని అడుగుతాడు. మొదటిదానిలో మనిషి తన బతుకు తాను దిద్దుకున్నాడు. రెండోదానిలో ఇతరుల వ్యవహారం మీద అతని మాట చెల్లింది. ఈ పదబంధం చరిత్రంతా ఈ రెండు సహాయక క్రియల మధ్యే నడిచింది.

ఉచ్చారణలో ఇది పూర్తిగా తెలుగైపోయింది. సెటిలయ్యాడు, సెటిలైపోయారు, సెటిలవ్వలేదు అని కోస్తాలోనూ, సెటిలైండు, సెటిల్ గాలె అని తెలంగాణలోనూ అంటారు.

శిస్తు, నిర్బంధం

కారన్‌వాలిస్ 1793లో బెంగాల్‌లో తెచ్చిన పర్మనెంట్ సెటిల్‌మెంటును 1802 నాటి మద్రాసు రెగ్యులేషన్ ద్వారా ఉత్తర సర్కారులకూ వర్తింపజేశారు. జమీందారు ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కష్‌ను శాశ్వతంగా ఖాయం చేయడమే దాని సారం. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలను ఏలిన థామస్ మన్రో దీనికి భిన్నంగా రైతుతోనే నేరుగా లెక్క తేల్చుకునే రైత్వారీ పద్ధతిని పెంచాడు. రెండు చోట్లా సెటిల్ చేసేది దొర, సెటిలయ్యేది శిస్తు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తీసేసినప్పుడు కూడా పట్టాలు తేల్చడానికి ఊళ్ళకు వచ్చింది ‘సెటిల్‌మెంటు ఆఫీసరే’. కోస్తా రెవెన్యూ కచేరీల్లో ఆర్.ఎస్.ఆర్. అని పిలిచే రీసెటిల్‌మెంటు రిజిస్టరును నేటికీ భూమి తగాదాల్లో తెరుస్తూనే ఉన్నారు.

ఇదే నామవాచకం మనుషుల మీద పడినప్పుడు క్రూరంగా మారింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. ఆ తర్వాత ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచిన బాపట్ల ప్రాంతపు స్టువర్టుపురాన్ని సర్కారు ‘సెటిల్‌మెంటు’ అంది. హాజరు పలకాలి, బయటికి పోవాలంటే అనుమతి ఉండాలి. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి జనాన్ని ఒకచోట కట్టేయడానికి కుదురుకోవడమనే అర్థమున్న మాటను వాడటం ఈ పదం చరిత్రలో అన్నిటికన్నా చేదైన ఘట్టం. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ముద్ర అంత తేలిగ్గా పోలేదు.

ఏ.ఎస్. రావు నగర్

సికింద్రాబాదుకు ఈశాన్యంగా, కాప్రా, కుషాయిగూడ, సైనిక్‌పురిల నడుమ ఉన్న ఏ.ఎస్. రావు నగర్ ‘సెటిల్ అవ్వడం’ అనే మాటకు కొత్త అర్థం ఎక్కడ బలపడిందో చూడటానికి సరైన చోటు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు (1914–2003) పేరు ఈ కాలనీకి పెట్టారు. బనారస్‌లోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, హోమీ భాభా అణుశక్తి కార్యక్రమంలో ఎలక్ట్రానిక్స్ పనికి నాయకత్వం వహించి, 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన మనిషి ఆయన. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. టీడీసీ-12 కంప్యూటరు, ఈసీ టీవీలు, తర్వాత ఓటింగ్ యంత్రాలు ఆ సంస్థ నుంచి వచ్చాయి. దాని సమీపంలోనే అణు ఇంధన సంస్థ ఎన్ఎఫ్‌సీ 1971లో ఏర్పడింది.

ఈ సంస్థలు ఇచ్చింది జీతమొక్కటే కాదు, ఒక క్రమం. ముందు ఉద్యోగం పర్మినెంటు కావాలి, ఆ తర్వాత పెళ్ళి, సొసైటీలోనో బయటో స్థలం, అప్పు తీసుకుని ఇల్లు, పిల్లల చదువు. ఈ మెట్లన్నీ ఎక్కినవాడు ‘సెటిలయ్యాడు’. గోదావరి, కృష్ణా, గుంటూరు, కరీంనగర్, నల్లగొండ, ఎక్కడినుంచి వచ్చినవాళ్ళకైనా ఇదే కొలత. రాయితీ కాదు, దయ కాదు, సర్కారు సెటిల్ చేసిందీ కాదు. నెలనెలా పీఎఫ్ కట్టుకుంటూ మనిషి తానే అయ్యాడు. పదవీ విరమణ తర్వాత గ్రాట్యుటీ, పీఎఫ్ లెక్కలు తేలడాన్ని మళ్ళీ ‘సెటిల్‌మెంట్’ అన్నారు. ఆ మాట వాళ్ళ కొలువుకు రెండు చివరలా నిలబడింది.

పెళ్ళి సంబంధాల్లో ఇది ప్రశ్నగా మారింది. ‘అబ్బాయి సెటిలయ్యాడా?’ అంటే స్థిరమైన ఉద్యోగముందా అని. ‘అమ్మాయి సెటిలైంది’ అంటే చాలాకాలం పెళ్ళయిందనే. ఇప్పుడు ఉద్యోగమని కూడా. ఇక్కడ ఈ మాటలో ఒక మొండితనం ఉంది. ముప్పై ఏళ్ళు నిండి, కష్టపడి సంపాదించుకుంటున్న మనిషిని కూడా ‘ఇంకా సెటిలవ్వలేదు’ అనే రెండు మాటలతో పక్కన పెట్టేస్తారు. ఈసీఐఎల్ తరం తన బతుకు నుంచి తీసిన కొలతను, పర్మినెంటు కొలువులే తగ్గిపోయిన కాలంలో పుట్టిన పిల్లలకు పెట్టడం అన్యాయం.

పాత తెలుగులో ఈ పనులకు వేర్వేరు క్రియలుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. సంబంధం కుదురుతుంది, బేరం తెగుతుంది, తగువు తీరుతుంది, బాకీ చెల్లుతుంది, మనిషి ఊళ్ళో స్థిరపడతాడు. ‘సెటిల్’ ఈ అయిదు చోట్లా కూర్చుంది, కానీ ఏ ఒక్కదాన్నీ పూర్తిగా వెళ్ళగొట్టలేదు.

సెటిలర్లు

‘సెటిలయ్యాం’ అని మనిషి తన గురించి తాను చెప్పుకుంటాడు. ‘సెటిలర్’ అన్నది చాలావరకు ఎదుటివాడు పెట్టే పేరు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కాలువ కింద సాగుకు కోస్తా రైతులు నిజామాబాదు జిల్లాకు వచ్చి బోధన్, వర్ని వైపు భూములు కొన్నారు. వాళ్ళ ఊళ్ళకు ‘క్యాంపు’ అని పేరు పడింది. తుంగభద్ర నీళ్ళు వచ్చాక కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాల్లోనూ ఇదే జరిగింది. అక్కడా తెలుగు క్యాంపులే. తెలంగాణ ఉద్యమకాలంలో ‘సెటిలర్’ అనే మాట రాజకీయ బరువెక్కింది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డ తర్వాత హైదరాబాదు నగర ఎన్నికలొచ్చినప్పుడల్లా పత్రికలు ‘సెటిలర్ల ఓట్లు’ లెక్కగట్టాయి. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళకూ ఈ పేరు అంటుకుంటుంది. భూమి, కొలువుల విషయంలో స్థానికులు పడ్డ బాధ నిజం. ఆ బాధలోంచే ఈ మాటకు పదును వచ్చింది.

పంచాయితీ, దస్తావేజు

వీధి వాడుకలో ‘సెటిల్‌మెంట్లు చేస్తాడు’ అంటే స్థలాల తగాదాల్లో బెదిరించి రాజీ కుదిర్చేవాడని. ఇక్కడ ‘చేయు’ తన పాత అధికారాన్ని చట్టం బయట నిలుపుకుంది. చట్టం లోపల ఆ పనిని 1987 నాటి న్యాయసేవల చట్టం కింద లోక్ అదాలత్‌లు చేస్తున్నాయి.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాటకు మరో అర్థముంది. 1899 నాటి స్టాంపుల చట్టం ప్రకారం కుటుంబంలోనివారికో, తాను ఆదుకోదలచిన వాళ్ళకో, ధర్మకార్యానికో బతికుండగానే ఆస్తిని రాసివ్వడం సెటిల్‌మెంటు. దీన్ని దస్తావేజు లేఖరులు దఖలు దస్తావేజు అంటారు. ఏ.ఎస్. రావు నగర్ వంటి కాలనీల్లో దీని అవసరం పెరిగింది. ఇల్లు కట్టిన తరానికి వయసు మీరింది, పిల్లల్లో చాలామంది అమెరికాలోనో బ్రిటన్‌లోనో సెటిలయ్యారు. బ్రిటన్‌లో శాశ్వత నివాస హక్కును వలస నిబంధనలు కూడా సెటిల్‌మెంట్ అనే అంటాయి. ఇలా ఆస్తి రాసిచ్చే పెద్దలకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను రక్షణగా ఉంది. బాగోగులు చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక తీసుకున్నవాళ్ళు ఆ షరతు తప్పితే, ట్రిబ్యునల్ ఆ బదిలీ చెల్లదని ప్రకటించవచ్చు. అందుకని ఆ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకోవడం మేలు.