తిత్తి పాట, పటాలపు బాట



తాడేపల్లిగూడెమునకు దాపున మాధవరమను గ్రామము కలదు. జనులు దానిని మిలిటరీ మాధవరమని పిలుతురు. రెండు ప్రపంచయుద్ధములకును ఆ యూరివారు పెక్కుమంది తరలిపోయిరి. పటాలమున బిడ్డ లేని కుటుంబము నేటికిని అచ్చట అరుదు. అట్టి సైనికుల నెవరినైనను అడుగుడు. కవాతునందు బ్యాగుపైపు వినని వాడు దొరకుట కష్టము. ఆ వాద్యమును గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

అది స్కాటులండు పటాలములతో మన దేశమునకు వచ్చినది. 1803 సెప్టెంబరు 23వ తేదీన అస్సాయే యుద్ధమున 74వ, 78వ హైలాండరు పటాలములు మదరాసు సిపాయిల ప్రక్కన నిలిచి పోరాడెను. మన తెలుగునాటి పేరే ‘తిలంగా’ యై, ఉత్తర హిందూస్థానమున కుంఫిణీ సిపాయికి పేరైన కాలమది. పిదప గూర్ఖా, సిక్కు మొదలగు పటాలములును ఆ వాద్యమును తమదిగా చేసికొన్నవి.

అయినను తిత్తి మనకు క్రొత్త కాదు. వీథిభాగవతములలో మేకతోలు తిత్తిని చంకనిడి శ్రుతి పట్టువానిని మీలో పెద్దలు చూచియే యుందురు. మన తిత్తి శ్రుతి మాత్రమే యిచ్చును. పాటకు ముఖవీణ వేరుగా నుండును. స్కాటుల తిత్తికి శ్రుతిగొట్టములు మూడు, పాట పలుకు గొట్టము ఒకటి. ఆ పాటగొట్టమునకు స్వరములు తొమ్మిదియే. వాదకుడు ఊపిరి తీసికొనునప్పుడు మోచేతితో తిత్తిని నొక్కును. కావున నాదము తెగదు.

ఇక ఆ బృందము ఏడాది గడుపు విధమెట్టిది? మనకు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమున వచ్చునట్లు, వారికిని నియతమైన దినములు గలవు. జనవరి 25న కవి రాబర్టు బర్న్సు జన్మదినపు విందు. వేసవిలో కొండసీమల ఆటలు. ఆగస్టులో, 1950 నుండి, ఎడింబరో కోటవద్ద సైనిక ప్రదర్శనము. నవంబరు 11న మృతవీరుల స్మరణము. నవంబరు 30న సెయింటు ఆండ్రూ పర్వము. ఈ దినములు వేళ్లపై లెక్కింపదగినవి. తక్కిన ఏడాదియంతయు సాధనయే. క్రొత్తవానికి మొదట తిత్తి చేతికీయరు. చిన్న గొట్టముపై వ్రేళ్లు తిరుగు వరకు నేర్పుదురు. చలికిని ఎండకును పీకల స్వరము మారును గనుక, కవాతునకు ముందు పైపు మేజరు అందరి శ్రుతిని సరిచూచును. మరియు ఈ వాదకులు సైనికులు కూడ. తుపాకి శిక్షణము, గాయపడినవారిని మోయుట వారి విధులే.

ఈ సాధన యెందుకో 1915 సెప్టెంబరు 25న తేలినది. ఫ్రాన్సునందలి లూస్ యుద్ధమున విషవాయువు క్రమ్మి సైనికులు తల్లడిల్లుచుండగా, డేనియల్ లెయిడ్‌లా యను వాదకుడు కందకపు గట్టెక్కి, గుండ్లవానలో అటునిటు నడచుచు వాయించెను. పటాలము ధైర్యము తెచ్చికొని ముందునకు సాగెను. గాయపడియు ఆతడు పాట మానలేదు. ఆతనికి విక్టోరియా క్రాసు లభించెను. కాని ఆ మహాయుద్ధమున ఎందరో వాదకులు తిత్తితోడనే నేలకొరిగిరి.

ఇంత నష్టము వచ్చినను ఆ విద్య ఎట్లు నిలిచెను? పూర్వము వాదకుల ఖర్చు అధికారులే భరించెడివారు. 1854లో ప్రభుత్వము పటాలమునకొక పైపు మేజరును, ఐదుగురు వాదకులను అంగీకరించెను. 1910లో సైన్యము ఆ విద్యకు పాఠశాలయే పెట్టెను. 2006లో పాత స్కాటు పదాతి పటాలములు ఒక్కటిగా కలిసినను, వాద్యము మూగవోలేదు. జీతమిచ్చువారు, నేర్పువారు, నేర్చువారు ఏటేట ఉండుటయే దీనికి కారణము.

మన తిత్తికి ఈ మూడును కరవైనవి. శ్రుతిపెట్టె వచ్చినది, తిత్తి చూరున చేరినది. తోలు వాడనిచో ఎండి పగులును, విద్యయు అంతే. మీ గ్రామమున తిత్తి పట్టగల వృద్ధుడొకడున్నచో, ఈ జాతరకు ఆతనిని పిలిచి, ప్రక్కన ఒక పిల్లవానిని కూర్చుండబెట్టుడు. ఊపిరి ఆగిన పిదప తిత్తిలో నాదము నిలుచునది క్షణకాలమే. ఆలోపున మరియొకడు ఊదవలెను.