వాదము - గతితర్కము

మన యువకులు సంఘచరిత్రయంతయు విరోధములచేతనే నడచినదని యనుచున్నారు. పెద్దలు, విరోధమనగా కలహమేకదా యని నొచ్చుకొనుచున్నారు. ఈ యభిప్రాయభేదమునకు మూలము ఒక్క మాట. గ్రీకుల "డయలెక్టిక్" శబ్దమునకు మనవారు గతితర్కమని పేరిడిరి. మూలమున దాని యర్థము సంభాషణము మాత్రమే. ఏథెన్సు నగరమున సోక్రటీసు ఎదుటివానిని ప్రశ్నించి, వాని పలుకులలోని పరస్పర విరోధమును వానిచేతనే యొప్పించెడివాడు. క్రీ.పూ. 399లో ఆయనకు మరణదండనము కలిగెను. శిష్యుడైన ప్లేటో యా సంభాషణమునే తత్త్వజ్ఞానమునకు సోపానముగా నెంచెను.

మనకిది క్రొత్త కాదు. గౌతముని న్యాయసూత్రములందలి 16 పదార్థములలో వాదము, జల్పము, వితండ వేర్వేరుగా నెన్నబడినవి. తత్త్వము నెరుగగోరి చేయునది వాదము. గెలుపుకొరకు చేయునది జల్పము. స్వపక్షమును నిలుపక పరపక్షమును ఖండించుటయే వితండ. అయినను గౌతముడు కడపటి రెంటిని బొత్తిగా త్రోసివేయలేదు; మొలకలను గాచు ముండ్లకంచెవలె నవి తత్త్వమును గాచుననెను. చరకసంహిత విమానస్థానమున వైద్యులకును సంధాయసంభాష, విగృహ్యసంభాష యని రెండు విధములు చెప్పబడినవి. మొదటిది స్నేహముతో కూడినది, రెండవది పోరుతో కూడినది. రోగి ప్రాణము చేతిలోనుండగా వైద్యునికి వాదశిక్ష యేల యని కొంద రడుగుదురు. ప్రాణము చేతిలో నున్నందుననే యని నా యుత్తరము. మీమాంసకుల యధికరణములోనైతే, పూర్వపక్షమును చక్కగా నిలిపినగాని సిద్ధాంతమునకు చోటే లేదు.

సంప్రదాయము కృష్ణాతీరమందలి శ్రీపర్వతముతో ముడిపెట్టిన నాగార్జునుడు వేరొక త్రోవ పట్టెను. విగ్రహవ్యావర్తనియందు తనకు ప్రతిజ్ఞయే లేదనెను. ప్రత్యర్థులు దానిని వితండ యనుటలో వింతలేదు.

ఇక జర్మనీ మాట. హెగెల్ 1807లో వెలువరించిన గ్రంథమున విరోధమును ఇద్దరు మనుష్యుల నోటినుండి తీసి భావములోపలనే యుంచెను. ఒక భావము తన లోపముచేతనే తన విరుద్ధమునకు దారితీయును. ఆ రెండును తొలగియు నిలిచియు పైమెట్టున కలియును. వాదము, ప్రతివాదము, సమన్వయము అను త్రిపుటిని బడిపుస్తకములు హెగెల్‌కు అంటగట్టినవి. ఆయన దానిని తన పద్ధతికి పేరుగా పెట్టుకొనలేదు. అందు మనవంటివారు తప్పక చదువదగినది ప్రభుభృత్య ప్రకరణము. ప్రభువు భృత్యుని శ్రమమీద నాధారపడి పరాధీనుడగును. భృత్యుడు తన చేతిపనిలో తన్ను తాను గుర్తించుకొనును. తరతరములుగా పనిచేసి బ్రతికిన కులములవారికి దీని భావము విప్పిచెప్ప నక్కరలేదు.

హెగెల్ తర్కము తలక్రిందుగా నున్నదని మార్క్సు 1873లో, కాపిటల్ రెండవ కూర్పు చివరిమాటలో వ్రాసెను. భావములకు మారుగా ఉత్పత్తిసంబంధములను, వర్గములను అందు నిలిపెను. కావున యువకులు చెప్పు విరోధము హెగెల్, మార్క్సుల సొత్తు. పెద్దలు భయపడు విరోధము గౌతముని జల్పము. మొదటిదానికి గతితర్కమను పేరు తగును, ఏలన నందు కదలిక కలదు. సభలో ఇద్దరు కూర్చుండి మాటాడుకొనుదానికి వాదమను మన పాతమాటయే చాలును.