రెండు సెంటీమీటర్లు

మా ఫ్రిస్కోలో వసంతం వస్తే శనివారాలన్నీ స్కూలు మైదానాల్లోనే గడిచిపోతాయి. మా అమ్మాయి హైజంప్ చేస్తుంది. కర్రని దాటి వెల్లకిలా మెత్తటి పరుపు మీద పడుతుంది. ఈ పరుపుల్లేని రోజుల్లో ఎలా దూకేవాళ్ళో అని వెతుకుతుంటే ఇబోయా చాక్ కనిపించింది. ఇబోయా అంటే హంగేరియన్లో వయొలెట్ పువ్వట. బుడాపెస్ట్‌లో 1915లో పుట్టిన యూదుల అమ్మాయి.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ అంటే మనకి ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు. అక్కడ మన హాకీ జట్టు మొదట ఓడించింది హంగేరీనే, 4-0తో. తర్వాత నాలుగు రోజులకి, ఆగస్టు 9న, చాక్ బరిలోకి దిగింది. 1.60 మీటర్ల దగ్గర ముగ్గురు మిగిలారు: చాక్, ఇంగ్లండు నుంచి పదహారేళ్ళ డొరతీ ఓడమ్, జర్మనీకి చెందిన ఎల్‌ఫ్రీడ కౌన్. విడిగా మళ్ళీ దూకించారు. 1.62 దాటింది చాక్ ఒక్కతే.

ఇప్పటి లెక్కయితే బంగారం ఓడమ్‌ది. ఆమె 1.60ని మొదటి ప్రయత్నంలోనే దాటింది. అప్పట్లో ఆ లెక్క లేదు. 1948లో లండన్‌లో ఆ లెక్క వచ్చింది. ఈసారి ఎత్తు సమానమైనా, తక్కువ ప్రయత్నాల్లో దాటిన అమెరికా అమ్మాయి ఆలిస్ కోచ్‌మన్‌కి బంగారం పోయింది. పాపం ఓడమ్!

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 1.60 అంకె. ఒలింపిక్స్‌కి నెల ముందే గ్రెటెల్ బెర్గ్‌మన్ అనే జర్మన్ యూదు అమ్మాయి సరిగ్గా అంతే దూకి జర్మన్ రికార్డుని సమం చేసింది. అమెరికా జట్టు ఓడెక్కింది జులై 15న. మర్నాటి తేదీతో ఆమెకి ఉత్తరం వచ్చింది: మీ ప్రదర్శన చాలదు, కావాలంటే నిలబడి చూసే టికెట్లిస్తాం అని. వాళ్ళ దేశం వద్దన్న యూదు అమ్మాయి ఎత్తుకి రెండు సెంటీమీటర్లు కలిపి, హంగేరీ యూదు అమ్మాయి వాళ్ళ స్టేడియంలోనే గెలిచింది.

1938 సెప్టెంబరులో యూరప్ పోటీలు వియన్నాలో జరిగాయి. హిట్లర్ ఆ ఊరిని కలుపుకుని ఆర్నెల్లే అయింది. ఒక యూదు క్రీడాకారిణి అక్కడికి వెళ్ళి దూకడమే పెద్ద సంగతి. జర్మనీ తరఫున డోరా రాట్యెన్ 1.70తో గెలిచింది, చాక్ 1.64 దూకింది. తిరుగు రైల్లో పోలీసులు రాట్యెన్‌ని పట్టుకున్నారు, మగవాడని తేల్చారు. బంగారం చాక్‌కి వచ్చింది. ఇదంతా నాజీల పన్నాగమని సినిమా కూడా తీశారు గానీ, పోలీసు కాగితాల ప్రకారం పుట్టినప్పుడే ఆడపిల్ల అనుకుని అలాగే పెంచిన మనిషి. ఆ జీవితాన్ని కుట్ర కథగా మార్చడం నాకు నచ్చదు.

చాక్ మరుసటేడే ఆట మానేసింది. ఆమె 1.64 హంగేరీలో 24 ఏళ్ళు రికార్డుగా నిలిచింది. 2006లో పోయింది. బెర్గ్‌మన్ 1937లోనే అమెరికా వచ్చేసింది. ఆమె రికార్డుని జర్మనీ 2009లో గుర్తించింది.

ఇదంతా కారులో చెబితే మా అమ్మాయి అడిగింది: "మరి గ్రెటెల్ బదులు ఎవర్ని పంపారు?"

ఎవర్నీ పంపలేదు. ముగ్గురికి చోటుంటే జర్మనీ ఇద్దర్నే దించింది.