ఉప్పునీటి పంపు (పడవ ఇంజన్)

పడవ లోపల బిగించిన డీజిల్ ఇంజన్‌ను చల్లార్చడానికి బయటి సముద్రపు నీటిని తోడిపోసే చిన్న పంపు ఇది. కంచు గుల్లలో రబ్బరు రెక్కల చక్రం తిరుగుతుంటుంది. మెకానిక్కులు దాన్ని ఇంపెల్లర్ అంటారు. గుల్ల లోపలి గోడ ఒకచోట ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడికి వచ్చిన రెక్క వంగుతుంది, దాటగానే విచ్చుకుంటుంది. విచ్చుకున్నప్పుడు రెక్కల నడుమ జాగా పెరిగి నీటిని లాగుతుంది, మళ్లీ వంగినప్పుడు ఆ నీటిని ముందుకు నెడుతుంది. ఈ పంపుకు నీరే కందెన. నీరు లోపలికొచ్చే వాల్వు తెరవడం మరిచి ఇంజన్ స్టార్ట్ చేస్తే కొద్ది నిమిషాల్లోనే రబ్బరు కాలి రెక్కలు తెగిపోవచ్చు.

ఇంపెల్లర్ మార్చడం నిజానికి చిన్న పని: మూత స్క్రూలు తీసి, పాతది లాగి, కొత్తదానికి గ్లిజరిన్ రాసి, రెక్కలన్నీ ఒకే వైపు వంగేలా తోసి, కొత్త గాస్కెట్ వేసి బిగించాలి. చిక్కంతా పంపు ఉన్న చోటుతోనే. పడవ ఇంజన్లలో చాలావాటి మూలం నేలమీది యంత్రాలే; బీటా మెరైన్ ఇంజన్లు మన రైతులు ట్రాక్టర్ల మీద చూసే కుబోటా కంపెనీ దిమ్మల మీద తయారైనవి. ఇంజన్ నుంచి శక్తి ఎక్కడ అందితే అక్కడ పంపు కూర్చుంటుంది, పడవలో చెయ్యి ఎటు నుంచి పట్టాలన్న లెక్క తరవాతిది. యాన్మార్ 3జీఎం30లో బెల్టు పుల్లీ ముందుకు, పంపు మూత వెనక్కి తిరిగి ఉంటాయి. అద్దంలో చూస్తూ, వేలి కొసలతో స్క్రూ తిప్పే పనివాడి చేతిలోంచి అది జారితే నేరుగా పడవ అడుగున మురికి నీళ్లలోకే. ఇంత తంటా ఉన్న పని వాయిదా పడటంలో వింతేముంది? అందుకే అందని పంపు విషయంలో ముందు మార్చాల్సింది పనివాడి ఓపికను కాదు, పని పద్ధతిని. మూత ఉన్నచోటే విప్పాలన్న పట్టు వదిలి, పంపునే ఊడదీసి బల్లమీద పెట్టుకోవాలి.

‘ముందే మార్చడమెందుకు, ఇంజన్ వేడి చూపే మీటర్ చూస్తూ ఉంటే చాలదా, వేడెక్కితే అప్పుడే చూసుకోవచ్చు’ అనే వాదన ఒకటుంది. ఉప్పునీటితో మంచినీటిని చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న ఇంజన్లో ఆ మీటర్ చూపేది లోపల తిరిగే మంచినీటి వేడిని. ఉప్పునీరు ఆగిపోయినా ఆ మంచినీరు వేడెక్కడానికి కొంత వ్యవధి పడుతుంది. పొగగొట్టానికి అంత వ్యవధి లేదు. వందల డిగ్రీల పొగను చల్లార్చేది అందులో కలిసే ఉప్పునీరే, అది ఆగితే రబ్బరు గొట్టం ముందుగా మాడుతుంది. పొగగొట్టానికి వేడి అలారం పెట్టడం మంచిదే, కానీ అది మోగేసరికి రెక్కలు తెగి ఉంటాయి. తెగిన ముక్కలు గొట్టాల వెంట పోయి హీట్ ఎక్స్ఛేంజర్ మూతిలో ఇరుక్కుంటాయి. వాటిని ఏరి, పాత ఇంపెల్లర్ పక్కన పేర్చి, లెక్క సరిపోయేదాకా వెతకాలి. లేకపోతే కొత్త ఇంపెల్లర్ వేసినా నీటి ధార సన్నగానే వస్తుంది.

బాగున్న ఇంపెల్లర్‌ను ఏటా మార్చడం దండగ, విప్పిన ప్రతిసారీ కొత్త లీకు తెచ్చుకోవడమే అన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఇరుకులో తడుముతూ చేసిన పనికి ఆ మాట అక్షరాలా నిజం. గాస్కెట్ నలుగుతుంది, స్క్రూ మర చెడుతుంది. పంపు బల్లమీదకొస్తే సంగతి వేరు. మూత లోపలివైపు పడ్డ గాడి కంటికి కనిపిస్తుంది, చాలా మూతలను తిరగేసి వాడుకోవచ్చు. నీటి సీలుకు, ఆయిల్ సీలుకు నడుమ ఉండే చిన్న కన్నంలోంచి నీరు కారుతోందా, నూనె కారుతోందా తెలుస్తుంది. నీరైతే నీటి సీలు పోయినట్టు. ఆ కన్నం మట్టితో పూడుకుపోతే, గేర్లతో నడిచే పంపులో ఉప్పునీరు ఇంజన్ ఆయిల్‌లోకి చేరే ప్రమాదముంది. ఇవేవీ ఇరుకులో అద్దం పెట్టి కనిపెట్టేవి కావు. స్తోమత ఉన్నవాళ్లు సీళ్లు, ఇంపెల్లర్ సిద్ధంగా వేసిన రెండో పంపు దగ్గర పెట్టుకోవడం ఉత్తమం. సముద్రంలో రెండు బోల్టులు, రెండు గొట్టాలు, ఒక బెల్టుతో పని ముగుస్తుంది. పాత పంపును రేవులో తీరిగ్గా విప్పుకోవచ్చు. కరెంటు పంపును అందేచోట పెడితే పోదా అంటే, పాతకాలపు డీజిల్ ఒకసారి స్టార్టయ్యాక బ్యాటరీ లేకున్నా నడుస్తుంది. ఆ మార్పుతో బ్యాటరీ పోయినప్పుడు చల్లనీరూ పోతుంది.

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. ఇలాంటి పంపున్న బోట్లకు ఈ పనికి అంతకన్నా అనువైన గడువు దొరకదు. అయితే చాలామందికి తోచేలా నిషేధం మొదట్లోనే కొత్త ఇంపెల్లర్ వేసి మూయకూడదు. కదలకుండా నెలల తరబడి ఉంటే ఉబ్బు దగ్గర వంగిన రెక్కలు అలాగే బిగుసుకుంటాయి. పంపును మొదటి వారంలో ఊడదీసి, మంచినీళ్లతో కడిగి, రెక్కలు లేకుండానే ఆరబెట్టాలి. కొత్త ఇంపెల్లర్ జూన్ రెండో వారంలో, బోటు నీటిలోకి దిగే ముందు వేయాలి. అప్పటిదాకా వాల్వు మూసే ఉంటుంది కనుక, ‘పంపు లేదు, స్టార్ట్ చేయొద్దు’ అని రాసిన అట్ట తాళం చెవికి కట్టి ఉంచాలి.