రొట్టె మానిపించిన తల్లి

ఆ రిపోర్టులో 90 పదార్థాల పేర్లున్నాయి. కందిపప్పు, పెరుగు, గోధుమ, వంకాయ, కోడిగుడ్డు... మొత్తం 22 పేర్ల ఎదురుగా ఎర్ర గీతలు. మూడేళ్ళ కడుపునొప్పికీ విరేచనాలకీ అప్పటిదాకా నాకు దొరికిన జవాబు ఒకటే: "టెన్షన్ తగ్గించుకోండి." అందుకే ఆ గీతలు చూసి, ఎవరో నన్ను నమ్మారన్న ఊరటతో ఏడ్చాను. నెల తిరిగేసరికి నా కంచంలో అన్నం, సొరకాయ, బీరకాయ మిగిలాయి. నాలుగు కిలోలు తగ్గాను. "పప్పు లేకుండా ఏం తింటావే?" అని అమ్మ దిగులుపడింది.

ఏ రచన చదివినా అందులో మాట్లాడుతున్నదెవరని అడగడం నా చదువు నేర్పిన అలవాటు. ఈ కాగితాన్ని మాత్రం అడగకుండానే నమ్మాను. అడగడం మొదలుపెట్టాక చరిత్రలోకి వెళ్ళాల్సి వచ్చింది.

1888లో లండన్‌లో శామ్యూల్ గీ సీలియాక్ జబ్బును వర్ణిస్తూ, నయమయ్యే దారంటూ ఉంటే అది ఆహారంలోనే ఉందన్నాడు. ఏ ఆహారమో ఆయనకి తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. ఘనతంతా అరటిపండుకి దక్కింది. నిజానికి మేలు చేసింది ఆ పథ్యంలో రొట్టె లేకపోవడం. పిల్లలకి తగ్గిందన్నది నిజమే, చెప్పిన కారణమే తప్పు.

గోధుమను పట్టుకున్నది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం డికె. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకక జబ్బు పిల్లలు తేరుకోవడంతో ఆయనకి విషయం తట్టిందని సాధారణంగా చెబుతారు. కానీ ఆయన ఆలోచన 1930లలోనే మొదలైంది. రొట్టె మానిపిస్తే తన బిడ్డకి నెమ్మదించిందనీ, మళ్ళీ పెడితే తిరగబెట్టిందనీ ఒక తల్లి చెప్పిన మాటను డికె కొట్టిపారెయ్యలేదు. ఆ మాటను పరీక్షకి పెట్టి, 1950లో సిద్ధాంతగ్రంథంగా సమర్పించాడు. చరిత్రలో కరువుకి దక్కిన చోటు ఆ తల్లికి దక్కలేదు.

తర్వాతి కథలోనూ స్త్రీలున్నారు. నోటిగుండా చిన్నపేగు ముక్కను తీసే గొట్టాన్ని 1956లో మార్గో షైనర్ ప్రవేశపెట్టింది. పేగు గోడ దెబ్బతినడాన్ని బతికున్న రోగిలోనే, శస్త్రచికిత్స లేకుండా చూడడం దానివల్ల వీలైంది. 1960లలో అలర్జీకి మూలమైన ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని గుర్తించినవాళ్ళలో తెరుకో ఇషిజాకా, ఆమె భర్త కిమిషిగె ఉన్నారు.

నా రిపోర్టు కొలిచింది ఐజీఈని కాదు, ఐజీజీని. మనం తిన్న పదార్థాలకి ఒంట్లో ఐజీజీ తయారవడం మామూలే. అది ఆ తిండితో మనకున్న పరిచయానికి గుర్తు, అంతే. ఆహారం పడకపోవడాన్ని తేల్చడానికి ఈ రకం పరీక్షలు పనికిరావని 2008లో ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం స్పష్టంగా చెప్పింది. అంటే నా ఎర్ర గీతల్లో చాలావరకు మా ఇంటి వంటల జాబితానే.

సీలియాక్‌కి సరైన రక్తపరీక్ష ఉంది. అయితే గోధుమ తింటూ ఉండగానే చేయించుకోవాలి. ముందే మానేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. ఆ ఎర్ర గీత చూసి నేను మానేశాను కదా! మళ్ళీ ఆరు వారాలు రోజూ చపాతీలు తిని చేయించుకున్నాను. సీలియాక్ లేదని తేలింది. పాలలోని చక్కెర పడటం లేదని ఊపిరి పరీక్షలో బయటపడింది.

స్త్రీల అనుభవాన్ని నమ్మాలని మనం ఎన్నో ఏళ్ళుగా అంటున్నాం. నా నొప్పి నిజం. దానికి ఎవరో డబ్బు తీసుకుని అమ్మిన కారణం నిజం కానక్కర్లేదు. మన మాట వినేవాళ్ళు లేనిచోటే ఇలాంటి కాగితాలు ఎక్కువగా అమ్ముడుపోతాయి. డికె ఆ తల్లి మాట విన్నాడు, ఆ తర్వాత పరీక్షించాడు. ఆ రెండు పనులూ జరగాలని అడగడం మన హక్కు.

పప్పు మా ఇంట్లో నా కంచంలోకి తిరిగొచ్చింది. పెరుగు కొద్దికొద్దిగా వేసుకుంటున్నాను. ఏం తిన్నానో, ఎలా ఉందో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు అదే చదవమంటాను.