నాసిక్ గుహలో సాలెవాళ్ల పద్దు, నాణేల డాక్టరు భావూ దాజీ

మేము చదివింది ఎనిమిదో తరగతి. షోలాపూర్‌లో చేనేత సొసైటీ లెక్కలు రాస్తూనే వయసు అరవై దాటింది. చరిత్ర రాసేంత పండితులం కాము. కానీ పద్దు కనబడితే కూడి చూడకుండా ఉండలేము, అది మా అలవాటు. ఇది కూడా ఒక పద్దు సంగతే. ఆ పద్దు వయసు సుమారు 1900 ఏళ్లు.

నాసిక్ పక్కన కొండలో పాండవలేణి గుహలున్నాయి. అందులో 10వ గుహ గోడ మీద ఒక శాసనం ఉంది. నహపాణుడనే క్షత్రప రాజుకు అల్లుడు ఉషవదాత దాన్ని చెక్కించాడు. గుహలో ఉండే బౌద్ధ భిక్షువుల ఖర్చుకని ఆయన 3000 కార్షాపణాలు, అంటే అప్పటి నాణేలు, ఇచ్చాడు. ఆ డబ్బు ఎవరి దగ్గర పెట్టాడనుకున్నారు? ఏ షావుకారు దగ్గరా కాదు. గోవర్ధనం అనే ఊళ్లోని సాలె సంఘాల దగ్గర! శాసనంలో ‘కోలిక నికాయం’ అని ఉంది. కోలిక అంటే నేసేవాడు, నికాయం అంటే సంఘం. ఒక సంఘంలో 2000 నూటికి ఒకటి వడ్డీ మీద, ఇంకో సంఘంలో 1000 ముప్పావలా వడ్డీ మీద. అసలు తిరిగి ఇవ్వనక్కర్లేదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలని షరతు.

పెద్ద మొత్తం మీద వచ్చే వడ్డీ 20 మంది భిక్షువులకు బట్టల ఖర్చు, తలా 12 కార్షాపణాలు. మేము కాగితం మీద వేసి చూశాము. 2000కు నూటికి ఒకటి అంటే నెలకు 20, ఏడాదికి 240. ఇరవై మందికి తలా 12 అన్నా 240. ఒక్క నాణెం తేడా రాలేదు! మన ఇళ్లలో ఇప్పటికీ ‘రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ’ అంటాం కదా, అదే లెక్క ఆ గోడ మీద ఉంది. అది చూసిన రోజు మాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ రోజు మన సొసైటీలో డిపాజిట్ పెట్టమని అడిగితే మనవాళ్లే వెనకాముందూ చూస్తారు. ఆ కాలంలో రాజు అల్లుడు శాశ్వతంగా పెట్టాడు.

మరి గోడ మీద ఉన్న ఆ అంకెలను చదివిందెవరు? అప్పటి అంకెలు మన అంకెల్లాంటివి కావు. సున్నా లేదు. పదికి ఒక గుర్తు, ఇరవైకి ఒకటి, నూటికి ఒకటి, వెయ్యికి ఇంకొకటి. 1800ల్లో ప్రిన్సెప్, స్టీవెన్‌సన్ లాంటి దొరలు కొంతవరకు ప్రయత్నించారు గాని పొరపాట్లు మిగిలాయి. వాటిని సరిచేసినవారిలో ముఖ్యుడు బొంబాయిలో రోగులను చూసుకునే ఒక డాక్టరు. పేరు భావూ దాజీ లాడ్, అసలు పేరు రామకృష్ణ విఠల్.

గోవాలోని మాంద్రే గ్రామంలో బీదింట్లో పుట్టాడు. కుర్రవాడు చదరంగంలో చూపిన తెలివి చూసి ఒక ఇంగ్లీషు దొర ‘వీడికి ఇంగ్లీషు చదువు చెప్పించు’ అని తండ్రికి సలహా ఇచ్చాడట. ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదివి అక్కడే పంతులయ్యాడు. తరువాత కొత్తగా పెట్టిన గ్రాంట్ మెడికల్ కాలేజీలో చేరి 1851లో మొదటి బ్యాచ్‌లో డాక్టరుగా బయటికొచ్చాడు. చేతివాసి మంచిదని పేరొచ్చి ప్రాక్టీసు బాగా సాగింది. పాత సంస్కృత వైద్య గ్రంథాల్లోని మందులు నిజంగా పనిచేస్తాయా అని పరీక్షించి చూసేవాడు. కుష్ఠు రోగానికి మందు కోసం చాలా కష్టపడ్డాడు. ఆడపిల్లల చదువు, బొంబాయి అసోసియేషన్, యూనివర్సిటీ, అన్నిటిలోనూ ఉన్నాడు. 1869లో, 1871లో బొంబాయికి షెరీఫ్ అయ్యాడు. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి, మేము సాగదీయము.

మాకు పట్టుకున్నది ఆయన నాణేల పిచ్చి. రోగుల దగ్గర సంపాదించిన డబ్బుతో పాత నాణేలు, తాళపత్రాలు పోగుచేశాడు. క్షత్రపుల వెండి నాణెం చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒకవైపు రాజు తల, తల వెనుక సంవత్సరం అంకెల్లో. రెండోవైపు చుట్టూ ‘ఫలానా రాజు కొడుకు ఫలానా రాజు’ అని అక్షరాలు. కొడుకు నాణెం మీద సంవత్సరం తండ్రి దానికంటే తక్కువ ఉండకూడదు కదా! అలా వరసపెట్టి చూస్తే ఏ గుర్తు ఎంతో తేలుతుంది. నాసిక్ గోడ ఇంకా మేలు చేసింది. అక్కడ ‘మూడు వేలు’ అని అక్షరాల్లో రాసి పక్కనే అంకె కూడా వేశారు. మనం చెక్కు మీద రాసినట్టే. గుహలోని అంకెలు, నాణేల మీది అంకెలు కలిపి చూసి ఆయన 1860ల్లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ బొంబాయి శాఖ పత్రికలో వ్యాసం రాశాడు.

ఒక్కడే అన్నీ చేశాడని అనకూడదు. జునాగఢ్ నుంచి భగవాన్‌లాల్ ఇంద్రజీ అనే యువకుణ్ణి పిలిపించి, సొంత ఖర్చు మీద దేశమంతా తిప్పి శాసనాలు రాయించి తెప్పించుకున్నాడు. గురువు పోయాక అంకెల పని ముందుకు తీసుకుపోయింది ఆ శిష్యుడే. 1865లో అమెరికా యుద్ధం ఆగి పత్తి ధర పడిపోయినప్పుడు బొంబాయిలో షేర్లు కొన్నవాళ్లు కుప్పకూలారు. మన డాక్టరు కూడా బాగా నష్టపోయాడు. అయినా పరిశోధన మానలేదు. 1874 మే నెలలో కాలం చేశాడు.

ఆయన పేరున్న తాళపత్రాలు, రాతప్రతులు ముంబై ఏషియాటిక్ సొసైటీలో ఉన్నాయి. బైకుల్లాలో జగన్నాథ్ శంకర్‌సేట్‌తో కలిసి చందాలు పోగుచేసి నిలబెట్టిన మ్యూజియం 1872లో తెరిచారు, 1975లో దానికి ఆయన పేరే పెట్టారు. మన తెలుగువాళ్ల పేరు మీద వెలసిన కామాటిపుర అక్కడికి ఎక్కువ దూరం లేదు. ముంబై పెళ్లిళ్లకు పోయినప్పుడు ఒక పూట ఆగి చూడండి. చేతిపనులవాళ్ల మట్టి బొమ్మలు చూడటానికైనా పోవాలి.

శాసనం చివరి సంగతి ఒకటి మరిచాము. ఈ డిపాజిట్ ఊరి సభలో చదివి వినిపించి, పలక మీద రాయించారట. మన మహాసభలో జమాఖర్చు చదివినట్టు!

ఒక మనవి. మీ ఇళ్లలో పాత నాణేలు, తాతల నాటి సంఘం పుస్తకాలు ఉంటే కంసాలికో పాతసామానువాడికో వేయకముందు రెండువైపులా ఫోటో తీసి సమాఖ్య ఆఫీసుకు పంపండి. నాణేలను తోమొద్దు. తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చినప్పుడు మా తాత కొంగున కట్టి తెచ్చిన నిజాం హాలీ రూపాయి ఒకటి మా దగ్గరుంది. మా అమ్మ ప్రతి దసరాకూ చింతపండుతో తోమి పూజలో పెట్టేది. ఇప్పుడు చార్మినార్ బొమ్మ కనిపిస్తుంది. సంవత్సరం అరిగిపోయింది.